ఫ్యాన్ తిరగాలి: పాత విమానాల ఫొటోలకు ఏ షో, ఏ కెమెరా, ఏ లెన్స్?

డకోటా అంటే 1940ల నాటి రెండు ప్రొపెల్లర్ల విమానం. బెంగళూరు పక్కన యలహంకలో తీసిన నా మొదటి డకోటా ఫొటోను పెద్ద సైజులో ప్రింటు వేయించి, అనంతపురంలో మా ఇంటికి గర్వంగా పట్టుకొచ్చాను. రెక్కల మీద రివెట్లు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా వచ్చింది. మా అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని కాసేపు చూసి, "ఏం నాయనా, రెండు ఫ్యాన్లూ నిలబడిపోయినాయే! కింద పడలేదా అది?" అంది.

నవ్వొచ్చింది కానీ తప్పు ఎక్కడుందో అప్పుడే తెలిసింది. యుద్ధ విమానాలకు పెట్టిన 1/2000 షట్టర్‌తోనే, అంటే వెలుతురు సెకనులో రెండు వేలో వంతు సేపే లోపలికి పడేటట్టు, డకోటానూ తీసేశాను. ప్రొపెల్లర్ రెక్కలు కరెంటు పోయిన ఫ్యాన్ మాదిరి బిగుసుకుపోయాయి. ఆకాశంలో ఉన్న విమానం దారం కట్టి వేలాడదీసిన బొమ్మలా ఉంది.

అప్పటి నుంచి "అన్నా, ఎయిర్ షోకు పోతున్నా, ఏ కెమెరా కొనాలి?" అని ఎవరడిగినా ముందు ఒకటే అడుగుతాను: తీయబోయేది జెట్టా, ఫ్యాన్ విమానమా? జెట్ అయితే పొడవైన లెన్స్, వేగమైన షట్టర్ చాలు, డబ్బు పెడితే పనైపోతుంది. పాత విమానం అలా కాదు. నెమ్మది షట్టర్‌కు ఒప్పుకునే కెమెరా, చేతిలో సులువుగా తిరిగే లెన్స్, కొంచెం సాధన కావాలి. ఇందులో చాలా భాగం డబ్బుతో వచ్చేది కాదు. కొనబోయేవాళ్లు ఈ తేడా తెలుసుకోకపోతే రెండు కేజీల లెన్స్ మోసుకుపోయి నిలబడిపోయిన ఫ్యాన్లతో తిరిగొస్తారు, నా మాదిరే.

ముందు ఎక్కడికి పోవాలో తేల్చుకోండి

మన కర్నూలు, అనంతపురం, కడపల్లో పాత విమానాలు ఎగిరే షో లేదు. ఓర్వకల్లులో 2021 నుంచి విమానాశ్రయం ఉంది, కడపలో ఉంది, పుట్టపర్తిలో ఉంది. కానీ అక్కడ ప్రయాణికుల విమానాలో ప్రైవేటు విమానాలో తప్ప 1940ల నాటివి దొరకవు. బయటికి పోక తప్పదు. పోవడానికి నాలుగు దిక్కులున్నాయి.

యలహంకలో జరిగే ఏరో ఇండియా ఎయిర్ షో 1996లో మొదలైంది. ఇప్పుడు బేసి సంవత్సరాల్లో ఫిబ్రవరిలో జరుగుతోంది, 2025లో 10 నుంచి 14 వరకు జరిగింది. అనంతపురం వాళ్లకు ఇది మనూరి జాతర లాంటిదే. 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటుకుని పోతే బెంగళూరు ఊళ్లోకి అడుగు పెట్టకముందే వైమానిక స్థావరం వస్తుంది. రైల్లో అయితే ధర్మవరం, హిందూపురం మీదుగా యలహంక జంక్షన్‌లోనే దిగొచ్చు. నాకైతే రైలే నచ్చుతుంది. షో అయిపోయాక ఆ రోడ్డు మీద ట్రాఫిక్‌లో కూర్చోవడం కంటే పెద్ద శిక్ష లేదు.

బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా సరి సంవత్సరాలది: 2018, 2020, 2022, 2024. కర్నూలు నుంచి హైదరాబాదు 215 కిలోమీటర్ల లోపే కాబట్టి కర్నూలు వాళ్ల కన్ను మొదట దీని మీదే పడుతుంది. కానీ ఇది పౌర విమానయానం పండగ. పెద్ద ప్రయాణికుల విమానాలు, బిజినెస్ జెట్లు, హెలికాప్టర్లు, పైన వైమానిక దళం సూర్యకిరణ్ జెట్ల, సారంగ్ హెలికాప్టర్ల బృందాల విన్యాసాలు ఉంటాయి. అన్నీ బాగుంటాయి, పాత విమానాలు మాత్రం దాని లెక్కలో లేవు. కర్నూల్లో ఉండే మా బావతో ఇదే మాట అంటే, "మాకు దగ్గర్లో ఉండేది నీకు నచ్చదు లే బావా" అన్నాడు. నచ్చకపోవడం కాదు. బేగంపేటను సాధనకు వాడుకోండి, డకోటా కోసం పోవద్దు.

మూడోది అక్టోబరులో వచ్చే వైమానిక దళ దినోత్సవం. ఇది ఒక చోట ఉండదు. 2022లో చండీగఢ్, 2023లో ప్రయాగ్‌రాజ్, 2024లో చెన్నై మెరీనా. కడప నుంచి చెన్నైకి నేరుగా రైలుంది కాబట్టి ఆ ఏడు కడప వాళ్లకు అదృష్టం కలిసొచ్చింది. డకోటా, హార్వర్డ్ అనే మరో పాత ఫ్యాన్ విమానం రెండూ ఎగిరాయి, టికెట్టూ లేదు. కానీ అక్కడ రెండు చిక్కులు. మెరీనాలో నిలబడి సముద్రం వైపు చూస్తే తూర్పుకు చూస్తున్నట్టు, అంటే పొద్దుటి పూట సూర్యుడు ఎదురుగానే ఉంటాడు. విమానం నల్లటి నీడలా వస్తుంది. రెండోది ఎండ, జనం. ఆ రోజు అక్కడికి వచ్చినవాళ్లలో ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఉచితమని పిల్లల్ని, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని పోయే ముందు ఇది గుర్తుంచుకోండి.

నాలుగోది ఎగరనిది. బెంగళూరు పాత విమానాశ్రయం రోడ్డులో హెచ్ఏఎల్ హెరిటేజ్ సెంటర్ అని మ్యూజియం ఉంది. 1951లో మొదటిసారి ఎగిరిన శిక్షణ విమానం హెచ్‌టీ-2, 1961లో ఎగిరిన మారుత్, క్యాన్‌బెర్రా, కిరణ్, మిగ్-21 అక్కడ చూడొచ్చు. చేతికి ఫోన్ తప్ప ఇంకేమీ లేనివాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. ఎందుకో కిందికి పోయేకొద్దీ అర్థమవుతుంది.

వైమానిక దళం దగ్గర ఎగిరే స్థితిలో ఉన్న పాత విమానాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. టైగర్ మాత్, హార్వర్డ్, డకోటా. డకోటాకు పరశురామ అని పేరు, తోక మీద వీపీ 905 నంబరు. 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంటు సైనికులతో శ్రీనగర్‌లో మొదట దిగిన డకోటా నంబరు అది. ఇప్పుడు ఎగిరేది వేరే విమానం. దాన్ని బ్రిటన్‌లో బాగుచేయించి, 2018లో ఇక్కడికి ఎగురవేసుకొచ్చి, పాత నంబరే వేశారు. ఇవి ప్రతి షోలోనూ వస్తాయన్న గ్యారంటీ లేదు. 2021 యలహంకలో డకోటా ఎగిరింది. వచ్చే షోలో ఎగురుతుందా లేదా అన్నది షోకు ముందు వారం రిహార్సల్ వార్తల్లో తెలిసిపోతుంది. అప్పటిదాకా టికెట్టు కొనకుండా ఆగితే అయిపోవచ్చు, ముందే కొంటే డకోటా రాకపోవచ్చు. నేను కొనేస్తాను. డకోటా రాకపోతే సూర్యకిరణ్ ఉంటుంది కదా.

మొత్తానికి అనంతపురం వాళ్లు రెండో ఆలోచన లేకుండా యలహంక. కర్నూలు వాళ్లు దూరమైనా యలహంకే. కడప వాళ్లకు రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరుకూ, రైల్లో చెన్నైకీ దూరం కాస్త అటూ ఇటే. షో జరిగే చోట సూర్యుడు మీ వెనక ఉంటాడా, ముందు ఉంటాడా అన్నదాన్ని బట్టి ఎంచుకోండి. చలికాలంలో ఉత్తరం వైపు చూసి నిలబడితే రోజంతా ఎండ మీ వీపు మీదే పడుతుంది. ఫొటోకు అంతకంటే మంచి చోటు లేదు.

షట్టర్ లెక్క, టేబుల్ ఫ్యాన్ సాక్షిగా

కెమెరా సంగతికి పోకముందే ఈ లెక్క చెప్పాలి. ఇది తెలియకుండా కెమెరాలను పోల్చడం దండగ.

డకోటా ప్రొపెల్లర్ మామూలుగా ఎగిరేటప్పుడు నిమిషానికి దాదాపు 1200 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 20. మూడు రెక్కలు కాబట్టి ఒక రెక్క తన పక్క రెక్క ఉన్న చోటికి చేరాలంటే చుట్టులో మూడో వంతు తిరగాలి, దానికి సెకనులో అరవయ్యో వంతు పడుతుంది. కాబట్టి 1/60 దగ్గర తీస్తే పూర్తి గుండ్రటి పళ్లెం వస్తుంది. 1/125 దగ్గర అందులో సగం గీత వస్తుంది, కంటికి అదీ బాగుంటుంది. 1/320 దగ్గర చిన్న గీత, తిరుగుతున్నట్టు మాత్రం తెలుస్తుంది. 1/1000 దాటితే మా అమ్మ ప్రశ్న ఎదురవుతుంది.

టైగర్ మాత్, హార్వర్డ్‌లకు రెండే రెక్కలు. కానీ ప్రొపెల్లర్ నేరుగా ఇంజనుకే ఉంటుంది కాబట్టి నిమిషానికి 2000 దగ్గర తిరుగుతుంది. లెక్క వేస్తే పూర్తి పళ్లేనికి వీటికీ 1/60 చుట్టూనే వస్తుంది. హెలికాప్టర్ పైరెక్కలు వీటన్నిటికంటే నెమ్మది, అందుకే సారంగ్ బృందాన్ని 1/60తో తీసినా గీత కొంచెమే వస్తుంది. జెట్లకు ఈ గొడవే లేదు, 1/1600 పెట్టుకుని నిశ్చింతగా ఉండొచ్చు.

దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. టేబుల్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో నిమిషానికి 1300 చుట్ల దగ్గర తిరుగుతుంది, దానికీ ఎక్కువగా మూడు రెక్కలే. డకోటా ఇంజను ముందు ఉన్నదానికీ మీ హాల్లో ఉన్నదానికీ వేగంలో పెద్ద తేడా లేదు! కెమెరా కొనే ముందు దుకాణంలో అయినా సరే, ఎవరి కెమెరా అయినా సరే, ఫ్యాన్ ముందు పెట్టి 1/1000, 1/320, 1/125, 1/60 వరసగా తీసి చూడండి. మీకు ఏది నచ్చిందో అదే మీ లక్ష్యం. సీలింగ్ ఫ్యాన్ దీనికి పనికిరాదు, అది చాలా నెమ్మది.

ఫ్యాన్ ఉన్నచోటే తిరుగుతుంది, విమానం కదులుతుంది. 1/60 దగ్గర విమానంతో పాటు లెన్స్‌ను అదే వేగంతో తిప్పకపోతే ఫ్యాన్‌తో పాటు విమానమంతా అలికినట్టు వస్తుంది. దీన్నే పానింగ్ అంటారు. నేర్చుకోవడానికి మన దగ్గర చోటుకు కొదవలేదు. జాతీయ రహదారి పక్కన సర్వీసు రోడ్డు మీద, బండ్లకు దూరంగా నిలబడి, పోయే లారీల చక్రాలు తిరుగుతున్నట్టు, లారీ మీద రాతలు చదవగలిగేటట్టు తీయండి. నేను సోమలదొడ్డి దాటాక నిలబడి నెల రోజులు అదే పని చేశాను. టీ బంకు ఆయన నన్ను ఆర్టీవో మనిషి అనుకున్నాడు.

ఇప్పుడు కెమెరా: ఫోన్, బ్రిడ్జి, పాత డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్

అందరి దగ్గరా ఉండేది ఫోన్. ఇప్పటి ఫోన్ల జూమ్ చూసి చాలామంది ఇక కెమెరా ఎందుకంటారు. దూరం సంగతి తర్వాత, అసలు చిక్కు వేరే ఉంది. ఫోన్ లెన్స్ రంధ్రం చిన్నదవదు, చాలా ఫోన్లలో ఎఫ్ 1.8 చుట్టూ ఒకే కొలతలో బిగించి ఉంటుంది (ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకు ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100 పెట్టి, ఎఫ్ 16 దగ్గర 1/100 షట్టర్ సరిపోతుందని పాతకాలపు ఫొటోగ్రాఫర్ల లెక్క. అదే ఎండలో ఎఫ్ 1.8 అంటే షట్టర్ 1/8000 దగ్గరికి పోవాలి. ప్రో మోడ్‌లో మీరు బలవంతంగా 1/60 పెట్టినా తెల్లకాగితం వస్తుంది. పైగా ఫోన్ సెన్సర్ దృశ్యాన్ని పై నుంచి కిందికి వరసలు వరసలుగా చదువుతుంది. ఈలోగా ప్రొపెల్లర్ కదిలిపోతుంది కాబట్టి రెక్కలు అరటికాయల్లా వంగి కనబడతాయి. కొన్నిసార్లు రెక్క విమానం నుంచి ఊడి గాల్లో తేలుతున్నట్టూ వస్తుంది. ఫోన్‌కు క్లిప్‌తో పెట్టుకునే, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు ఉన్నాయి, వీడియోకు కొంత మేలు చేస్తాయి. నేను వాడి విసుగొచ్చి మానేశాను.

అందుకే ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లకు నేలమీద నిలబెట్టిన విమానాలు మేలంటాను. ఆగి ఉన్న విమానానికి ఫోన్ చాలు, కొన్నిసార్లు డీఎస్ఎల్ఆర్ కంటే మెరుగు కూడా. విమానం ముక్కుకు మరీ దగ్గరగా నిలబడి అల్ట్రావైడ్‌తో మాత్రం తీయొద్దు. ముక్కు గుమ్మడికాయంత, తోక తోటకూర కాడంత వస్తుంది. నాలుగడుగులు వెనక్కి వచ్చి 2ఎక్స్ పెట్టుకోండి.

నికాన్ పి900, పి1000 లాంటి బ్రిడ్జి కెమెరాలు రెండో రకం. లెన్స్ మార్చే పని లేదు, జూమ్ చూస్తే చందమామ మీద గుంతలు కనబడతాయి. పి900 జూమ్ 2000 ఎంఎంకు సమానం, పి1000ది 3000. పెళ్లిలో ఒకరి చేతిలో ఇది చూసి ఇంకొకరు కొనేస్తుంటారు. ఎగిరే పాత విమానానికి మాత్రం ఇందులో రెండు లోపాలు. జూమ్ ఎక్కువ చేసేకొద్దీ విమానాన్ని వెతుక్కోవడమే కష్టం, దొరికేలోగా దాటిపోతుంది. ఫోకస్ కూడా నెమ్మది. రెండోది మళ్లీ రంధ్రమే. ఇవి ఎఫ్ 8 దగ్గర ఆగిపోతాయి, ఎండలో 1/400 కంటే కిందికి రాలేవు. దీనికి మందు ఉంది. ఎన్‌డీ 8 అనే నల్లటి ఫిల్టర్ వేస్తే వెలుతురు ఎనిమిదో వంతు అవుతుంది, 1/50 దాకా దిగొచ్చు. ఇప్పటికే పి900 మీ చేతిలో ఉంటే కొత్త కెమెరా కొనొద్దు, ఆ ఫిల్టర్ కొనుక్కోండి. కొత్తగా కొనేవాళ్లయితే దీని జోలికి పోవద్దు.

నేను గట్టిగా చెప్పేది మూడోది: సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్. నికాన్ డి7200, డి7500, కెనన్ 80డి లాంటివి. లోపల అద్దం లేని కొత్త రకం మిర్రర్‌లెస్‌కు మారినవాళ్లు వీటిని అమ్మేస్తున్నారు కాబట్టి ధర దిగింది. అద్దంలోంచి నేరుగా చూస్తాం కనుక విమానం ఆలస్యం లేకుండా కనబడుతుంది, పానింగ్‌కు ఇది పెద్ద సుఖం. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 16, ఎఫ్ 22 దాకా మూయొచ్చు. డి7500 అయితే సెకనుకు 8 ఫొటోలు తీస్తుంది. అంతకంటే ఎక్కువ నాకెప్పుడూ అవసరం పడలేదు. కొనేటప్పుడు షట్టర్ ఎన్ని వేలసార్లు పడిందో అడగండి. ఎఫ్ 16 పెట్టి ఆకాశాన్ని ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, సెన్సర్ మీది దుమ్మంతా నల్లచుక్కలుగా బయటపడుతుంది. మనం వాడబోయేది కూడా ఆ ఎఫ్ 11, ఎఫ్ 16 దగ్గరే కాబట్టి ఈ పరీక్ష తప్పదు. మన ఊళ్ల దుమ్ము సంగతి మీకు నేను చెప్పాలా!

ఎఫ్ 16 దాటి మూస్తే బొమ్మ మెత్తబడుతుంది. అందుకని నేను ఎఫ్ 11 దగ్గర ఆగి, లెన్స్ ముందు పోలరైజర్ అనే ఫిల్టర్ వేస్తాను. అది వెలుతురు కొంత మింగుతుంది, 1/200 రావాల్సిన చోట 1/80 చుట్టూ వస్తుంది. ఆకాశం నీలం కూడా చిక్కబడుతుంది.

మిర్రర్‌లెస్‌లో ఫోకస్ ఇంకా బాగుంటుంది, కొన్ని కెమెరాలు విమానాన్ని గుర్తుపట్టి దాన్నే పట్టుకుంటాయి. డబ్బు ఉంటే అదే కొనండి. ఒక్క జాగ్రత్త: చప్పుడు రాని ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపేసి మెకానికల్ పెట్టుకోండి. లేకపోతే లక్ష పెట్టి కొన్న కెమెరాలోనూ ఫోన్‌లో వచ్చిన అరటికాయలే వస్తాయి.

లెన్స్: 300 చాలా, 600 కావాలా?

అందరూ తడబడేది ఇక్కడే. గుంపు తల మీదుగా విమానాన్ని ఎగరనివ్వరు కాబట్టి విమానం కొన్ని వందల మీటర్ల దూరంలో ఉంటుంది. 500 మీటర్లు అనుకుందాం. పైన చెప్పిన నికాన్ డీఎస్ఎల్ఆర్‌లో 300 ఎంఎం లెన్స్ పెడితే ఆ దూరంలో ఫ్రేము వెడల్పు 39 మీటర్లు. డకోటా పొడవు దాదాపు 19.5 మీటర్లు. అంటే ఫ్రేములో సగం నిండుతుంది. 24 మెగాపిక్సెల్ ఫొటోలో విమానం ఒక్కటే 3000 పిక్సెళ్లు. ఏ4 ప్రింటుకు కత్తిరించుకుని చక్కగా వాడుకోవచ్చు.

600 ఎంఎం పెడితే ఫ్రేము 20 మీటర్ల లోపే. డకోటా ముక్కో తోకో తెగిపోతుంది. 400 దగ్గర మూడింట రెండు వంతులు నిండి, చుట్టూ ఆకాశం మిగులుతుంది, చూడ్డానికి అదే అందం. టైగర్ మాత్ మాత్రం 7.3 మీటర్ల పిట్ట. 300లో ఐదో వంతు కూడా నిండదు, దానికి 600 నిజంగా కావాలి. సూర్యకిరణ్ తొమ్మిది హాక్ విమానాలూ కలిసి వచ్చేటప్పుడు 70-200 ఉన్నవాడే రాజు, 600 పెట్టుకున్నవాడు ఒక రెక్క చూసి తిరిగొస్తాడు.

బరువు చూడండి. సిగ్మా 150-600 కంటెంపరరీ 1.9 కేజీలు, టామ్రాన్ 150-600 రెండో తరం 2 కేజీలు, నికాన్ 200-500 అయితే 2.3 కేజీలు. నికాన్ ఏఎఫ్-పి 70-300 డీఎక్స్ 415 గ్రాములు, కెనన్ 55-250 ఎస్‌టీఎం 375 గ్రాములు, మిర్రర్‌లెస్ కెనన్‌కు వచ్చే 100-400 లెన్స్ 635 గ్రాములు. రెండు కేజీల లెన్స్‌ను పైకెత్తి 1/80 దగ్గర నునుపుగా తిప్పడం మొదటి పది నిమిషాలు బాగానే ఉంటుంది. పదకొండున్నరకు చేయి వణుకుతుంది. జూమ్ ఎక్కువైతే ఆ వణుకూ అంతే పెద్దదవుతుంది. నాకు 300తో 1/100 దగ్గర పది ఫొటోల్లో రెండు మూడు నిలబడతాయి. అద్దెకు తెచ్చిన 600తో ఇరవైకి ఒకటి నిలబడితే గొప్ప.

అందుకని మొదటిసారి పోయేవాళ్లు తేలికైన 70-300తోనే పోండి. రెండోసారి కూడా దాంతోనే పోవాలనిపిస్తే మీరు సరైన దారిలో ఉన్నట్టు. 150-600 మీద మోజు పోకపోతే కొనొద్దు, బెంగళూరు, హైదరాబాదుల్లో రోజు అద్దెకు ఇస్తారు. గుర్తింపు కార్డు, డిపాజిట్ అడుగుతారు. షో వారంలో దొరకడం కష్టం, నెల ముందే చెప్పి పెట్టుకోవాలి. షో రోజు ఉదయమే తీసుకోవద్దు. రెండు రోజులు ముందు తెచ్చుకుని లారీల మీద తిప్పి చూడండి. లెన్స్ మీద చేతి వణుకు తగ్గించే స్టెబిలైజర్‌కు మోడ్ 2 ఉంటే అది పానింగ్ కోసమే.

ట్రైపాడ్ ఇంట్లో పెట్టేయండి. గుంపులో దానికి చోటుండదు, పక్కవాళ్ల తిట్లే మిగులుతాయి. మోనోపాడ్ విమానం నేల మీద పరిగెత్తేటప్పుడు పనికొస్తుంది, పైకి లేచాక అడ్డమే.

షో రోజు

డకోటా వచ్చినా రెండు మూడు చుట్లు తిరిగి వెళ్లిపోతుంది. అందుకే ప్రయోగాలు మొదట పెట్టుకోవద్దు. మొదటి చుట్టులో 1/320, ఒకటైనా గ్యారంటీగా ఇంటికి వస్తుంది. రెండోదానిలో 1/160. చేయి కుదిరిందనిపిస్తే మూడోదానిలో 1/80కు దిగండి. వెలిసిన తెల్లటి ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ +0.7 పెంచుకోవాలి, లేకపోతే విమానం కాకిలా నల్లగా వస్తుంది. విమానం నేల మీద మెల్లగా నడిచొచ్చేటప్పుడు ప్రొపెల్లర్ కూడా నెమ్మదిగా తిరుగుతుంది, అప్పుడు 1/60 కూడా ఎక్కువే.

పది దాటాక రన్‌వే మీద వేడికి గాలి వణకడం మొదలవుతుంది. ఎండమావులు చూసి పెరిగినవాళ్లం, మనకు కొత్త కాదు. ఆ వణుకులోంచి ఎంత పెద్ద లెన్స్‌తో తీసినా నీళ్లలోంచి తీసినట్టే వస్తుంది, పెద్ద లెన్స్‌లో ఇంకా ఎక్కువ తెలుస్తుంది. నేల మీది ఫొటోలు పొద్దున్నే ముగించుకుని, మధ్యాహ్నం షోలో కెమెరాను ఆకాశం వైపే పెట్టండి.

తిండి విషయంలో ఒక మాట. పక్షులు విమానాలకు తగలకూడదని షో రోజుల్లో యలహంక చుట్టూ పది కిలోమీటర్లకు పైగా మాంసం అమ్మకాలు ఆపేస్తారు. గద్దలు రాకుండా అన్నమాట. అటు పోయి నాటుకోడి పులుసు తిందామనుకుంటే కుదరదు, చిత్రాన్నం కట్టుకుని పోండి. సొంత బండి అయితే 2023, 2025ల్లో జీకేవీకే అనే వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో పార్కింగ్ ఇచ్చి అక్కడి నుంచి బస్సులు నడిపారు. 2019లో షో దగ్గరి పార్కింగ్‌లో ఎండుగడ్డి అంటుకుని దాదాపు 300 కార్లు కాలిపోయాయి. బండిని గడ్డి మీద ఆపకండి.

స్థావరం ప్రహరీ బయట నిలబడి ఉచితంగా తీయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మిద్దె మీద నుంచి చూసేవాళ్లు ఉన్నారు, చెరువు గట్ల మీద ఉన్నారు. కానీ హైవే పక్కన ఆపితే పోలీసులు కదిలిస్తారు. షో లేని రోజుల్లో సైనిక స్థావరం వైపు పెద్ద లెన్స్ ఎత్తడం అసలు మంచిది కాదు, సమాధానాలు చెప్పుకోలేక టెన్షన్. డ్రోన్ మాట ఎత్తనే వద్దు.

ఇక టికెట్టు. 2025లో విన్యాసాలు మాత్రమే చూసే ఆడ్వా టికెట్టు వెయ్యి రూపాయలు, లోపల నిలబెట్టిన విమానాల మధ్య తిరగనిచ్చే జనరల్ టికెట్టు 2500. కెమెరా, లెన్స్ ఉన్నవాళ్లకు వెయ్యి రూపాయలది చాలు, ఆ రోజంతా పైకి చూడటమే పని. చేతిలో ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లు, లెన్స్ కొనకుండా మిగిల్చిన డబ్బులో 1500 తీసి 2500 టికెట్టు కొనుక్కోండి. నిలబడి ఉన్న విమానం దగ్గరికి పొద్దున్నే, జనం చేరకముందే పోండి. అక్కడ ఫ్యాన్ తిరగకపోయినా ఎవరూ ఏమీ అనరు.